ఐవీఎఫ్‌కి ముందు మూడు నెలలు: తిండి, మాత్రలు, వేళలు

ప్రశ్న: మూడు నెలల తర్వాత ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) మొదలుపెడదామన్నారు. నాకు 31 ఏళ్లు, శాకాహారిని. హిమోగ్లోబిన్ 10.4 ఉంది. థైరాయిడ్, ఐరన్, కాల్షియం, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. మర్చిపోతానని పొద్దున్నే అన్నీ కలిపి మింగేస్తున్నాను. తిండిలో ఏం మార్చుకోవాలి?

జవాబు: తిండి కంటే ముందు ఆ మింగే పద్ధతి మార్చండి. ఐరన్, కాల్షియం రెండూ పేగుల్లో థైరాయిడ్ మందును పట్టేసుకుంటాయి. ఆ మందు ఒంటికి పట్టదు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్షలో చూసే హార్మోన్) దిగదు, మోతాదు మాత్రం పెంచుకుంటూ పోతారు. పైగా కాల్షియం ఐరన్‌కి కూడా అడ్డమే. లేవగానే థైరాయిడ్ మాత్ర, మంచినీళ్లతో, పరగడుపున. అరగంట నుంచి గంట ఆగి టిఫిన్. కనీసం నాలుగు గంటలు గడిచాక, మధ్యాహ్న భోజనానికి ముందు, నిమ్మరసంతో ఐరన్. కాల్షియం రాత్రి భోజనంతో. ఐరన్‌కి అటూ ఇటూ గంటసేపు కాఫీ, టీ వద్దు. కడుపులో తిప్పితే కాస్త తిన్నాక వేసుకోండి. పట్టేది కొంత తగ్గినా, మానేయడం కంటే నయం. ఐరన్ వల్ల మలం నల్లగా అవుతుంది, కంగారు పడకండి.

ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, ఇప్పటినుంచే. బిడ్డ వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. పరీక్షలో తెలిశాక మొదలుపెడితే ఆ గడువు దాదాపు అయిపోయినట్టే. ఇంతకుముందు బిడ్డకు వెన్నుపాము లోపం వచ్చినా, మీకు షుగర్ ఉన్నా, మూర్ఛ మందులు వాడుతున్నా మోతాదు చాలా ఎక్కువ ఉండాలి. అది డాక్టరే రాయాలి. శాకాహారి కాబట్టి బీ12 కూడా చూపించుకోండి. బీ12 లోపం ఉన్నప్పుడు ఒక్క ఫోలిక్ యాసిడే వేసుకుంటే రక్తం రిపోర్టు బాగుపడుతుంది గానీ, నరాలకు జరిగే నష్టం లోపల్లోపల సాగుతూనే ఉంటుంది.

ఇక పళ్లెం. 60 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక కప్పు ఉడికిన పప్పులో (సుమారు 200 గ్రాములు) 18 గ్రాముల ప్రొటీన్, ఆరున్నర మిల్లీగ్రాముల ఐరన్ ఉంటాయి. ఈ లెక్క గట్టిగా ఉడికిన పప్పుది, పప్పునీళ్లది కాదు. గ్లాసు పాలలో 8 గ్రాముల ప్రొటీన్. శనగలు, సోయా, పెరుగు, గింజలతో మిగతాది నిండుతుంది. ఆకుకూరల మీద నిమ్మకాయ పిండుకోవడం అలవాటు చేసుకోండి. మొక్కల నుంచి వచ్చే ఐరన్ విటమిన్ సి తోడుంటేనే బాగా పడుతుంది.

ఇంకొకటి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకి చెప్పి, రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను, గర్భం తేల్చే హెచ్‌సీజీని కూడా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

ప్రశ్న: డైట్ చార్టు మా ఆవిడకే ఇచ్చారు. నా వీర్యకణాల కౌంట్ తక్కువే. జింక్ మాత్రలు వేసుకుంటే చాలా?

జవాబు: చాలవు. 2020లో వెలువడిన అమెరికా పరిశోధన ఒకటి ఉంది. 2,370 జంటల్లో సగం మంది మగవాళ్లకు జింక్, ఫోలిక్ యాసిడ్ కలిపి ఆరు నెలలు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. పుట్టిన బిడ్డల సంఖ్యలో తేడా రాలేదు. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, ఆపైన పరిపక్వానికి ఇంకో రెండు వారాల దాకా పడుతుంది. అంటే ఈ రోజు మానేసిన సిగరెట్ ఫలితం మూడు నెలలకు కనిపిస్తుంది. మద్యం, పొగ ఆపండి. చేపలు, గింజలు, కూరగాయలు పెంచి, ప్రాసెస్ చేసిన మాంసం తగ్గించండి. జిమ్‌లో ఎవరైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇస్తున్నారా? అది బయటినుంచి అందితే మెదడు వృషణాలకు పంపే సంకేతం ఆగిపోయి, కౌంట్ సున్నాకు కూడా పడిపోవచ్చు. కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఉంటే డాక్టరు దగ్గర దాచకండి.

ప్రశ్న: పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉంది, బరువు 82 కిలోలు. ఒక్కపూటే తిని నెలలో ఎనిమిది కిలోలు తగ్గుదామనుకుంటున్నాను.

జవాబు: వద్దు. ఆకలితో మాడితే కండ కరుగుతుంది, ఐరన్, ఫోలేట్ నిల్వలు పడిపోతాయి, నెలసరి ఇంకా తప్పుతుంది. మీకు అంత అవసరం కూడా లేదు. పీసీఓఎస్‌లో బరువు 5 శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల గాడిలో పడుతుంది. మీ విషయంలో అది నాలుగు కిలోలు. వారానికి అరకిలో చొప్పున రెండు నెలలు. పళ్లెంలో సగం కూరగాయలు, పావు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు అన్నమో రొట్టో. తీపి పానీయాలు పూర్తిగా బంద్. ఐవీఎఫ్‌లో అండాలు పెంచే ఇంజెక్షన్లు మొదలయ్యాక బరువు తగ్గే ప్రయత్నం ఆపేయండి. పీసీఓఎస్‌కి కూడా ఇచ్చే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే బీ12 తగ్గుతుంది, చూపించుకోండి. మీ వయసు రాయలేదు. 37, 38 దాటి ఉంటే బరువు కోసం చికిత్స వాయిదా వేయకండి. ఆ వయసులో నెలలు పోవడమే ఎక్కువ నష్టం.

ప్రశ్న: ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) తర్వాత పైనాపిల్ తింటే నిలుస్తుందట. కాఫీ?

జవాబు: పైనాపిల్‌తో నిలుస్తుందనడానికి ఆధారం లేదు. ఇష్టమైతే పండుగా తినండి. కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇన్‌స్టంట్ కాఫీ అయితే రెండు పెద్ద కప్పులు, టీ కూడా అందులో లెక్కే. కాలేయం, కాడ్ లివర్ ఆయిల్ వద్దు, విటమిన్ ఎ మితిమీరితే బిడ్డకు ప్రమాదం. సొరచేప, కత్తిచేపలో పాదరసం ఎక్కువ, వాటినీ వదిలేయండి.

ప్రశ్న: అండాలు తీసే రోజు పాలు తాగొచ్చా? తర్వాత పొట్ట ఉబ్బకుండా ప్రొటీన్ పౌడర్ తాగమంటున్నారు.

జవాబు: పాలు తాగకూడదు. మత్తుకు ముందు ఆరు గంటలు ఘనాహారం ఉండదు, పాలు, పాలు కలిపిన కాఫీ ఆ లెక్కలోకే వస్తాయి. ఉత్త నీళ్లకు సాధారణంగా రెండు గంటల ముందు దాకా అనుమతి ఉంటుంది. మీ ఆసుపత్రి ఇంకా ముందు ఆపమంటే ఆ మాటే వినండి. ఒక్క కప్పు కాఫీతో మత్తు ఆలస్యమైతే, ట్రిగ్గర్ ఇంజెక్షన్ (అండాలు తీసే ముందు వాటిని పక్వం చేయడానికి ఇచ్చేది) తర్వాత సుమారు 36 గంటలకు లెక్కగట్టిన సమయం దాటి అండాలు విడుదలైపోవచ్చు. ప్రొటీన్ పౌడర్ పొట్ట ఉబ్బును ఆపుతుందనే భరోసా లేదు. దాహాన్ని బట్టి నీళ్లు తాగండి, బలవంతంగా లీటర్లకు లీటర్లు వద్దు. రోజూ ఉదయం బరువు చూసుకోండి. ఒక్క రోజులో కిలో పెరిగినా, మూత్రం తగ్గినా, ఊపిరాడకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి.