పేరు తర్వాత, ముందు వర్ణన

రాజమహేంద్రవరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. పాలకొల్లు షేల్ అనే మట్టిరాతి పొరలో దొరికిన డైనోఫ్లాజెలేట్ సిస్ట్, అంటే నీళ్ళలో ఈదే ఏకకణ జీవి కట్టుకున్న గట్టి గూడు, కొత్త జాతి అని మొదటి వాక్యంలోనే ప్రకటించావు. గోదావరి పేరు కలిసొచ్చేలా చక్కటి పేరు కూడా సిద్ధం చేసుకున్నావు. అసలు ఆ సిస్ట్ ఎలా ఉందో చెప్పడానికి మాత్రం నాలుగైదు లైన్లే మిగిల్చావు. నాకు బెంగగా ఉంది అక్కడే. మన శాస్త్రంలో పేర్లు మారుతూనే ఉంటాయి. ప్రజాతి మారుతుంది, కుటుంబం మారుతుంది, ఒక్కోసారి అది ఏ జీవి అన్నదే మారిపోతుంది. చూసింది చూసినట్టు రాసిన వర్ణన, దానితో పాటు మంచి బొమ్మ ఉంటే, మన తర్వాత వచ్చేవాళ్ళు పేరు మార్చుకుని అయినా మన పనిని వాడుకుంటారు.

నీ సిస్ట్‌ని నువ్వు పోల్చిన స్పినిఫెరైటిస్ రామోసస్ అనే జాతి చరిత్రే చూడు. 1830లలో ఎరెన్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చెకుముకిరాయి పలచని పెచ్చుల్లో ఈ ముళ్ళ బంతుల్ని చూసి, మంచినీటి నాచు అనుకుని శాంథీడియం ప్రజాతిలో పెట్టాడు. 1850లో మాంటెల్ స్పినిఫెరైటిస్ అన్నాడు. 1933లో ఒట్టో వెట్జెల్ హిస్ట్రికోస్ఫేరా అన్నాడు. అవి ఏ జీవివో తేలకుండానే చాలాకాలం హిస్ట్రికోస్ఫియర్లు అని పిలుచుకుంటూ వచ్చారు. 1961లో విలియం ఎవిట్, సిస్ట్ గోడలోని రంధ్రాన్నీ, గోడ మీద పలకల్లా కనిపించే ఫలకాల అమరికనూ జాగ్రత్తగా చదివి, వాటిలో చాలావరకు డైనోఫ్లాజెలేట్ సిస్ట్‌లేనని చూపించాడు. ఆ దశాబ్దంలోనే వాల్, డేల్ అనే ఇద్దరు పరిశోధకులు సముద్రపు బురదలోంచి బతికున్న సిస్ట్‌లు తీసి ల్యాబ్‌లో పెంచితే, స్పినిఫెరైటిస్ లాంటి వాటిలోంచి గోనియాలక్స్ అనే డైనోఫ్లాజెలేట్ ఈదుకుంటూ బయటికొచ్చింది. ఇన్ని మార్పులు జరిగినా ఎరెన్‌బర్గ్ పెట్టిన రామోసస్ అనే సగం పేరు ఈనాటికీ నిలిచే ఉంది. ఆయన అనుకున్నది తప్పే, కానీ చూసినదాన్ని బొమ్మ గీసి పెట్టాడు.

అందుకని మైక్రోస్కోప్ దగ్గరికి మళ్ళీ వెళ్ళు. మొదట ఆర్కియోపైల్ వెతుకు. లోపలి జీవి బయటికి వెళ్ళిపోతూ తెరిచిన తలుపు అది. సిస్ట్ నడుం చుట్టూ ఉండే గాడికి పైన ఉన్న ఫలకాల వరసలో, వీపు మధ్యన ఉండే మూడో ఫలకం ఒక్కటే ఊడిపోయిందా? అయితే నువ్వు చెప్పిన గుంపు సరైనదే. తలభాగమంతా మూతలా లేచిపోయి ఉంటే స్పినిఫెరైటిస్ మాట మర్చిపో. ఆర్కియోపైల్ దొరికితే వీపు ఎటుందో కూడా తెలిసిపోతుంది. అది తేలేదాకా కుడి, ఎడమ అని రాయకు. అవతలి గోడ మీదికి ఫోకస్ దించినప్పుడు అమరిక అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది. పై ఫోకస్ బొమ్మ, కింది ఫోకస్ బొమ్మ వేరువేరుగా పెట్టి, ఏది ఏదో బొమ్మ కిందే చెప్పు.

తర్వాత ముళ్ళు. "ముళ్ళు చీలి ఉన్నాయి" అని రాసి వదిలేశావు. ఎక్కడి ముళ్ళు? సిస్ట్ గోడని మన చేల లాగా ఊహించుకో. ఫలకాలు మళ్ళు, వాటి మధ్య సన్నటి అంచులు గట్లు. గట్లు కలిసే మూలల్లో లేచిన ముళ్ళు మామూలుగా మూడుగా చీలతాయి, గట్టు మధ్యలో లేచినవి రెండుగా. నీ సిస్ట్‌లో ఈ తేడా ఉందా లేదా? ఉంటే రాయి, లేకపోతే లేదని రాయి. ఆ అంచులే అసలు లేకపోతే అది స్పినిఫెరైటిస్ కాకుండా అకోమోస్ఫేరా అనే ప్రజాతి వైపు పోతుంది. నీ మూడో ఫొటోలో నాకు అంచు కనిపించలేదు. నలిగిపోవడం వల్ల కనిపించలేదా, నిజంగానే లేదా? ఒక్క ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. ఇంకొన్ని సిస్ట్‌లు వెతికి, ఎన్ని చూశావో, ఎన్నిటిలో అంచు స్పష్టంగా ఉందో రాయి. కొలతలు కూడా అంతే. అన్నిటికన్నా చిన్నది ఎంత, పెద్దది ఎంత, సగటు ఎంత, ముల్లు పొడవు కలిపావా లేదా. వీటిని రాయడం విసుగు అనిపిస్తుంది కానీ, రేపు ఇంకొకళ్ళు తమ సిస్ట్‌ని నీ సిస్ట్‌తో పోల్చుకునేది ఈ లైన్లు చూసే.

ఇక చోటు సంగతి. రాజోలు, పాలకొల్లు, పాసర్లపూడి, భీమనపల్లి... మన ఊళ్ళ పేర్లు భూమి లోపలి పొరల పేర్లయి కూర్చోవడం నాకు ఎప్పటికీ ఆనందమే. కాతేరు, పంగిడి క్వారీల్లో కంకర కొట్టే నల్లరాయి, కోనసీమ కింద రాజోలు ఫార్మేషన్ అనే రాతిపొరగా దిగబడింది. దాని మీద పేలియోసీన్ కాలపు, అంటే డైనోసార్లు పోయాక వచ్చిన కాలపు, పాలకొల్లు షేల్ ఉంది. కానీ ఆ షేల్ నీ చేతికి ఎలా వచ్చింది? బావి తవ్వేటప్పుడు కడ్డీలా కోసి తీసిన కోర్ ముక్కా, తవ్వకంలో నలిగి పైకొచ్చిన రాతి పొడి కటింగ్సా? వ్యాసంలో లేదు. కటింగ్స్ అయితే బావి గోడలు రాలి పైపొరల చిన్నవయసు సిస్ట్‌లు కింది శాంపిల్‌లో కలిసిపోతాయి. దీనికి ఎదురుదిక్కు మోసం ఇంకొకటి ఉంది. నది పాత పొరల్ని కోసి కొత్త పొరల్లో పోస్తుంది. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ దాటి బతకని డైనోజిమ్నియం అనే డైనోఫ్లాజెలేట్ నీ జాబితాలో ఉందే, అది ఈ షేల్‌లో ఎందుకుందో ఒక్క మాటా లేదు. పాత రాతి నుంచి కొట్టుకొచ్చిందని నీ అభిప్రాయం అయితే ఆ కారణం రాయి. నీ కొత్త సిస్ట్ కూడా దానితో పాటు కొట్టుకొచ్చింది కాదని ఎలా అనుకుంటున్నావో అదీ రాయి. డెల్టా మట్టి మీద పని చేసేవాళ్ళు ఈ ప్రశ్న తప్పించుకోలేరు.

ల్యాబ్ పద్ధతి పూర్తిగా రాయి. హైడ్రోక్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లు సిస్ట్ గోడని ఏమీ చేయవు. ఆక్సిడేషన్ ఎక్కువైతే మాత్రం ప్రోటోపెరిడీనియం రకం గోధుమరంగు సిస్ట్‌లు కరిగిపోతాయి. అవి "లేవు" అని రాసేముందు మనమే పోగొట్టామా అని చూసుకోవాలి.

పేరు నియమాల గురించి ఎక్కువ టెన్షన్ పడకు. నాచులు, శిలీంధ్రాలు, మొక్కల అంతర్జాతీయ నియమావళి ప్రకారం వర్ణన, బొమ్మ, హోలోటైప్ (పేరుకి ఆధారంగా ఎంచిన ఒక్క నమూనా), అది భద్రపరిచిన సంస్థ, ఇవి ఉంటే చాలావరకు దారి సాఫీ. స్లైడ్ మీద హోలోటైప్ ఎక్కడుందో ఇంగ్లండ్ ఫైండర్ (గళ్ళు గీసిన గాజు పలక) అంకెలతో రాయి, లేకపోతే అంత చిన్నదాన్ని మళ్ళీ ఎవరూ పట్టుకోలేరు. ఇన్ని చూశాక కూడా అనుమానం మిగిలితే "స్పినిఫెరైటిస్ స్పీషీస్ ఎ" అని ఉంచి అచ్చుకివ్వు. అందులో చిన్నతనం ఏమీ లేదు. మంచి వర్ణన ఉన్న "స్పీషీస్ ఎ" అంటే నాకు గౌరవం.

ఇంకొక్క మాట. పరిచయ పేరాలో మామూలు పాఠకుడికి చోటివ్వు. డైనోఫ్లాజెలేట్ అంటే రెండు కశాభాలతో (కొరడా లాంటి పోగులతో) ఈదే ఏకకణ జీవి అనీ, కొన్ని జాతులే గట్టి సిస్ట్ కట్టుకుంటాయనీ, రాతిలో మనకు మిగిలేది ఆ సిస్టేననీ రెండు వాక్యాల్లో చెప్పు. భీమవరం రొయ్యల చెరువుల రైతు నీ వ్యాసం తెరిస్తే అక్కడిదాకా అయినా హాయిగా చదవాలి.

రెండో ప్రతి రాశాక పంపు. ఆ మూడో ఫొటోలోని సిస్ట్‌ని పై ఫోకస్‌లో, కింది ఫోకస్‌లో తీసి, ఆర్కియోపైల్ దగ్గర బాణం గుర్తు పెట్టి, శాంపిల్ కోరో కటింగ్సో దాని కిందే రాసి పంపు. నేను కూర్చుని చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు