గ్లవ్స్ కొనకండి, స్టార్టరు కొనండి

ఇంట్లో ప్లైవుడ్ అరలు చేసుకుందామని పది అంగుళాల బల్ల రంపం (టేబుల్ సా, బల్ల సందులోంచి పైకి లేచి తిరిగే పళ్ళ చక్రం) కొన్నారట. వేళ్ళు తెగకుండా ఏ రకం గ్లవ్స్ తొడుక్కోవాలి, వీడియోలలో సాసేజీ తగలగానే ఆగిపోయే ఆ అమెరికా రంపం తెప్పించుకుంటే దిగులు ఉండదా అని ప్రశ్న.

గ్లవ్స్ వద్దు. తోలువి వద్దు, రబ్బరువి వద్దు, కత్తికి కూడా తెగవని ఆన్‌లైనులో అమ్ముతున్న ఆ బూడిదరంగువి అసలే వద్దు. ఉత్త చెయ్యి రంపపు పంటికి తగిలితే తగిలినంత మేర తెగుతుంది. చేతొడుగు పోగు ఒక్కటి చిక్కిందంటే చెయ్యంతా దాని వెంట వెళుతుంది. పొడుగు చేతుల చొక్కా, వదులు వాచీ, మణికట్టుకు వేలాడే తోరం, అన్నీ ఆ కోవలోవే. రంపం దగ్గరికి వెళ్ళే ముందు తీసి గూట్లో పెట్టుకోండి. కళ్ళద్దాలు పెట్టుకోండి, చెవులు మూసుకోండి.

అడిగినదానికి సగం జవాబు అయిపోయింది. ఇక మీరు అడగనిది చెబుతాను. బల్ల రంపం దగ్గర అందరూ పళ్ళకేసి చూసి భయపడతారు. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉండి నేను భయపడేది చెక్కకు. వేలు తెగిన వడ్రంగులను పదిమందిని కూర్చోబెట్టి అడగండి, తొమ్మిదిమంది "చెయ్యి జారింది" అంటారు. చెయ్యి ఊరికే జారదు. ముందు చెక్క కదులుతుంది, చెయ్యి దాని వెనక పోతుంది. ఈ మాట మీద ఎవరితోనైనా వాదించడానికి సిద్ధం.

నాకిది 2011 మాఘమాసంలో తెలిసింది. మాఘం వస్తే వడ్రంగికి నిద్ర ఉండదు. పుష్యమంతా మంచిరోజులు లేవని మెదలకుండా కూర్చున్నవాళ్ళు ముహూర్తం కుదరగానే ఒక్కసారి మీద పడతారు. ఇల్లు కట్టుకోవడానికి రెండేళ్ళు తీసుకుంటారు, తలుపులకు రెండు వారాలు ఇస్తారు. పైగా రోజుకు రెండుసార్లు ఫోను చేసి "ఎంతవరకు వచ్చింది" అని అడుగుతారు. ఫోను ఎత్తడానికి పోయే సమయం కూడా ఆ రెండు వారాలలోదే.

అప్పుడు తాడేపల్లిగూడెంలో మా మేనమామ దుకాణంలో పని నేర్చుకుంటున్నాను. ఒక పూజగదికి టేకు తలుపులు. రెండు రెక్కలు, రెక్కకు మూడు పలకలు, పైవరసలో చిన్న గంటలు. పొద్దున పోయిన కరెంటు సాయంత్రం నాలుగింటికి వచ్చింది. మర్నాడు తెల్లారేసరికి తలుపులు ఎక్కించాలి. ఐదు పలకలు చట్రంలో చక్కగా అమిరాయి. ఆరోది ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదోవంతు, ఎక్కువైంది.

ఆ పలక పన్నెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు. ఒక నూలే కదా అని ఆరు అంగుళాల అంచును గైడుకు, అంటే చెక్కను ఆనించి తొయ్యడానికి రంపం పక్కన ఉండే పొడుగుపాటి పట్టీకి, ఆనించి తోశాను. సగం దాటేవరకు బాగానే నడిచింది. ఆ తరువాత పలక గైడును వదిలి వెంట్రుకవాసి పక్కకు తిరిగింది, వెనక పళ్ళు దాని మూలను అందుకున్నాయి. రంపంలో మన వైపు పళ్ళు చెక్కను బల్లకేసి నొక్కుతూ దిగుతాయి, అవతలి వైపు పళ్ళు కింది నుంచి పైకి లేస్తాయి. వాటికి చిక్కిన చెక్క పైకి లేచి, రంపం తలమీదుగా తోసినవాడి మీదికే వస్తుంది. ఇదంతా తరువాత అర్థమైన సంగతి. ఆ క్షణాన తెలిసింది ఠప్పుమన్న ఒక చప్పుడు, నా చేతుల కింద పలక లేకపోవడం. అది బొడ్డు పక్కన తగిలి, ఎగిరిపోయి వెనక ఉన్న నీళ్ళ క్యానును పగలగొట్టింది. పలక మీద మోపిన బరువుకు ఆనడానికి ఏమీ లేక నేను ముందుకు తూలాను. ఎడమ బొటనవేలు పళ్ళ మీదికి పోయింది.

నొప్పి వెంటనే తెలియలేదు. పొట్ట పట్టుకుని నిలబడ్డాను. బల్ల మీద రంపపు పొట్టు ఎర్రబడుతుంటే ఎక్కడి నుంచో అర్థం కాక చూస్తున్నాను. మామయ్య ముందు రంపం ఆపి, "పొట్ట సంగతి తరువాత, చెయ్యి చూపించరా" అన్నాడు. ఐదు కుట్లు పడ్డాయి. పొట్ట మీద మచ్చ మూడు వారాలు వంకాయ రంగులో ఉండి, పోతూ పోతూ పసుపు రంగుకు తిరిగింది. ఆ గోరు ఇప్పటికీ రెండు పాయలుగానే పెరుగుతుంది. రేషను దుకాణంలో మిషను మీద ఆ వేలు పెడితే ముద్ర పడదు. ఇంకో వేలు పెట్టమంటారు, చిత్రిక పట్టి పట్టి అదీ నున్నగా అరిగిపోయి ఉంటుంది. చేతిపనివాడిని వేలిముద్ర అడగాలన్న ఆలోచన ఎవరిదో కానీ, ఆయన ఎన్నడూ ఉలి పట్టలేదని మాత్రం చెప్పగలను.

మర్నాడు మామయ్య ఆ పలకను బోర్లించి చూపించాడు. అడుగున ఒక మూల నుంచి నడిమికి నెలవంకలా వంపు తిరిగిన గాడి, దాని అంచులు నల్లగా కమిలి ఉన్నాయి. చెక్క తిరుగుతూ తిరుగుతూ పళ్ళ మీదికి ఎక్కిన దారి అది. "దీన్ని చదవడం వచ్చేదాకా రంపం ముట్టుకోకు" అని మేకు కొట్టి గోడకు వేలాడదీశాడు. ఇప్పుడది నా దుకాణంలో రంపం ఎదురుగా ఉంది.

దానిని చదివి నేను తెలుసుకున్నవి చెబుతాను. గైడుకు ఆనే అంచు పొట్టిదైతే ఆ కోతకు గైడు వాడకూడదు. బల్ల గాడిలో జారే అడ్డపట్టీకి చెక్కను ఆనించి తొయ్యాలి, అప్పుడు గైడును దూరంగా జరిపెయ్యాలి. రెంటినీ కలిపి వాడితే తెగిన ముక్క గైడుకూ రంపానికీ మధ్య ఇరుక్కుంటుంది. గైడు రంపానికి సరిసమానంగా ఉందో లేదో కొన్నరోజునే చూసుకోండి. ప్లగ్గు పీకేసి, ఒక పంటి మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి. ఆ పన్ను ముందు వైపు ఉన్నప్పుడు గైడుకు ఎంత దూరమో కొలిచి, చక్రాన్ని చేత్తో తిప్పి అదే పన్ను వెనక వైపుకు వచ్చాక మళ్ళీ కొలవండి. వెనక దూరం ఒక కాగితం మందం ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువైతే మాత్రం చెక్క అక్కడ నొక్కుకుని తంతుంది. మా దుకాణంలో గైడు అర నూలు తక్కువ ఉండేది. ఎన్నాళ్ళుగా అలా ఉందో ఎవరికీ తెలియదు.

ఇక నిలబడే చోటు. పది అంగుళాల చక్రం నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పంటి కొస వేగం గంటకు 190 కిలోమీటర్లు. వందేభారత్ రైలు పరీక్షల్లో 180 అందుకుంటే ఎంత గొప్పగా చెప్పుకున్నామో గుర్తుందా? ఆ వేగం అంటుకున్న చెక్క వచ్చేటప్పుడు మీ చురుకుదనం ఎందుకూ కొరగాదు. రంపం వరసలో నిలబడకుండా, ఎడమకు ఒక అడుగు జరిగి నిలబడండి. నేను ఆ అడుగు జరిగి ఉంటే పలక పోయి నీళ్ళ క్యానును మాత్రమే కొట్టేది.

మన దుకాణాలలో డబ్బా విప్పగానే మొదట పీకి పారేసేవి రెండు. పైన ఉండే గార్డు, రంపం వెనక నిలబడే సన్నని ఇనుప రెక్క. ఆ రెక్కను రైవింగ్ నైఫ్ అంటారు. కోసిన గాడి వెనక మూసుకుపోయి రంపాన్ని పట్టెయ్యకుండా చూడడం, చెక్క తిరిగి వెనక పళ్ళకు చిక్కకుండా అడ్డుపడడం దాని పని. పచ్చి వేప, సరిగా ఆరని టేకు కోసి చూస్తే తెలుస్తుంది, కోత ఎలా మూసుకుంటుందో. మా తాతగారి కాలంలో దుంగ పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పెద్ద రంపం లాగేవారు. కోత బిగుస్తోందనిపిస్తే వెనక చెక్క చీల దిగ్గొట్టి ముందుకు సాగేవారు. చదువు లేని మనుషులకు తెలిసిన పనిని రెక్క చేసి పెడుతుంటే, అది అడ్డమని మనం తీసేస్తున్నాం. దసరాకు రంపానికి పసుపు కుంకుమ పెడతాం, దండ వేస్తాం, గుమ్మడికాయ కొడతాం. రెక్క మాత్రం అటక మీద ఉంటుంది.

రాళ్ళు కోసే నాలుగు అంగుళాల కట్టరును తలకిందులు చేసి ప్లైవుడ్ బల్లకు బిగించి, చౌకలో బల్ల రంపం తయారంటూ చూపించేవాళ్ళున్నారు. అది నిమిషానికి దాదాపు 12,000 చుట్లు తిరుగుతుంది, లెక్క వేస్తే పంటి కొస గంటకు 230 కిలోమీటర్లు. రెక్క ఉండదు, గార్డు ఉండదు, బొత్తాన్ని టేపు చుట్టి నొక్కి ఉంచుతారు. దాని ముందు ఒకాయన గ్లవ్స్ వేసుకుని నవ్వుతూ బీడింగు కోస్తుంటాడు. మీరు కొన్నది అలాంటిది కాదు కదా?

టేపు అన్నాను కనుక కరెంటు సంగతి. కోస్తుండగా కరెంటు పోతుంది. స్విచ్చు వేసే ఉంటుంది, మనం మరిచిపోతాం. ఆగిన చక్రం పక్కన ఇరుక్కున్న ముక్కను తీద్దామని చెయ్యి పెడతాం, అదే క్షణాన కరెంటు వస్తుంది. మా వీధిలో ఒకాయనకు రెండు వేళ్ళు అలాగే పోయాయి. బోరు మోటారుకు పెట్టే స్టార్టరు చూశారు కదా, పచ్చ బొత్తం, ఎర్ర బొత్తం. కరెంటు పోతే అది వదిలేస్తుంది, మళ్ళీ పచ్చ బొత్తం నొక్కేదాకా మోటారు తిరగదు. మీ రంపం మోటారుకు సరిపడేది ఎలక్ట్రీషియను చేత పెట్టించండి. రైతులు దానికి తగిలించే ఆటో స్టార్టరు మాత్రం దీనికి వద్దు. అర్ధరాత్రి లేచి చేనుకు పోనక్కరలేకుండా వాళ్ళు పెట్టుకుంటారు, మనకు దానంతట అది తిరగకపోవడమే కావాలి.

సాసేజీ రంపం పేరు సాస్టాప్. స్టీఫెన్ గాస్ అనే భౌతికశాస్త్రం చదివిన పేటెంట్ లాయరు కనిపెట్టాడు. చక్రంలో చిన్న విద్యుత్ సంకేతం ఉంటుంది, చర్మం తగిలితే అది మారుతుంది. అల్యూమినియం దిమ్మె ఒకటి పళ్ళలోకి దూసుకొచ్చి, సెకనులో వెయ్యోవంతులు ఐదు గడవకముందే ఆపేస్తుంది. ఆ దిమ్మె ఉన్న పెట్టె, చక్రం రెండూ ఆ దెబ్బతో పోతాయి. మంచి సరుకే, నా బొటనవేలు దక్కేది, ఒప్పుకుంటాను. అయితే నా పొట్టకు తగిలింది టేకు పలక. చెక్క ఎగిరితే దానికి తెలియదు.

మీ పని ప్లైవుడ్ కనుక ఒక మాట. ఎనిమిది అడుగుల పొడుగు, నాలుగు అడుగుల వెడల్పు షీటును చిన్న బల్ల మీద ఒంటరిగా కొయ్యకండి. కొన్నచోటే ముక్కలుగా కోయించి తెచ్చుకుని, ఇంటి దగ్గర సరి చేసుకోండి. రంపం ఎత్తు పళ్ళ మధ్య సందులు చెక్క పైకి కనిపించేంత చాలు. చివరి ఐదారు అంగుళాలు చేత్తో తొయ్యవద్దు. మిగిలిన ప్లైవుడ్ ముక్కతో ఇస్త్రీపెట్టె ఆకారంలో తోపుడు చేసుకోండి. అడుగున మడమలా చిన్న మెట్టు ఉంటే చెక్కను పైనుంచి నొక్కుతూ ముందుకు తోస్తుంది. ఒట్టి కర్రయితే వెనక నుంచి పొడుస్తుందే కానీ నొక్కదు.

తలుపులు మర్నాడే ఎక్కించారు. ఎగిరిపోయిన పలకకు బదులు మామయ్య రాత్రికి రాత్రే వేరే దుంగ ముక్కతో ఇంకొకటి చేశాడు. కుడి రెక్క కింది పలకలో రేఖలు మిగతా ఐదింటితో కలవవు. ఆ ఇంటావిడ రోజూ దాని ముందే దీపం పెడుతుంది, ఇంతవరకు అడగలేదు.