జీతంలో తేడా బయటపడ్డాక ఏం చేయాలి: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

నీ మెసేజ్ రాత్రే చదివాను. నువ్వు దగ్గరుండి పని నేర్పిన అబ్బాయికి నీకంటే ఎక్కువ జీతం ఇస్తున్నారని తెలిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. నీ కోపంలో తప్పేమీ లేదు. కానీ పొద్దున్నే మేనేజర్ గదిలోకి వెళ్లి అటో ఇటో తేల్చుకుంటానన్నావే, ఆ పని మాత్రం చేయకు. రాజీనామా మాట అసలే ఎత్తకు. నీ అంతట నువ్వు మానేస్తే చాలా చోట్ల రావాల్సిన పరిహారం పోతుంది. తర్వాత వాళ్లే మానేసేలా చేశారని రుజువు చేసే భారం కూడా నీ మీదే పడుతుంది.

ఉద్యోగమంతా జీతాల సెక్షన్‌లో గడిపినదాన్ని. న్యాయం తమవైపే ఉన్నా ఏమీ రాబట్టుకోలేక వెళ్లిపోయినవాళ్లను చాలామందిని చూశాను. చట్టం ఉంది, కానీ వాళ్ల చేతిలో కాగితం లేదు. కాగితం ఉంటే గడువు దాటిపోయింది. అందుకే ఈ రెండింటి గురించీ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నీ అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు తీసి పక్కపక్కన పెట్టుకో. చేతికొచ్చే మొత్తం ఒక్కటే చూసి మూసేయకు. బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత, బోనస్ దేని మీద కట్టారు, ఓవర్‌టైమ్ గంటలు నువ్వు చేసినన్నీ పడ్డాయా, కోతల్లో నీకు చెప్పనిది ఏదైనా ఉందా చూడు. ఆ తర్వాత నీ హోదా, నీ గ్రేడు చూడు. వివక్ష ఎక్కువగా దాక్కునేది అక్కడే. ఆడవాళ్లకు తక్కువ ఇస్తామని ఏ కంపెనీ కూడా కాగితం మీద రాయదు. ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరి పేరు పక్కన అసిస్టెంట్ అనీ, ఇంకొకరి పేరు పక్కన ఎగ్జిక్యూటివ్ అనీ రాస్తారు. ఇక రికార్డు ఎవరు చూసినా అంతా సక్రమంగానే కనిపిస్తుంది.

1968లో ఇంగ్లండ్‌లోని డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కారు సీట్ల కవర్లు కుట్టే 187 మంది ఆడవాళ్లు సమ్మెకు దిగింది ఈ గ్రేడు గొడవతోనే. వాళ్ల కుట్టుపనిని నైపుణ్యం తక్కువ పనుల్లో వేశారు. సమ్మె తర్వాత వాళ్ల రేటు మగవాళ్ల రేటులో 92 శాతానికి పెరిగింది. 1970లో బ్రిటన్‌లో సమాన వేతన చట్టం రావడానికీ ఆ సమ్మే ఊపునిచ్చింది. కానీ గ్రేడు మారలేదు. అది మారడానికి 1984లో మళ్లీ సమ్మె చేయాల్సి వచ్చింది. కాబట్టి నువ్వు డబ్బు గురించి అడిగేటప్పుడే గ్రేడు గురించీ అడుగు.

నువ్వు పని నేర్పిన ఆ అబ్బాయి చేసేది అచ్చంగా నీ పనే కాదేమోనని అనుమానపడ్డావు. అచ్చం ఒకటే కానక్కర్లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో ఆమోదించిన 100వ ఒప్పందం, సమాన విలువ గల పనికి ఆడా మగా తేడా లేకుండా సమాన వేతనం ఇవ్వాలంటుంది. ప్రపంచంలో ఎక్కువ దేశాలు దానికి ఒప్పుకున్నాయి. ఒక కాగితం మీద నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పని పరిస్థితులు అని నాలుగు గడులు గీసి, నీ పనినీ అతని పనినీ ఎదురెదురుగా రాయి. నీ వాదన సగం అక్కడే తయారవుతుంది.

చేరినప్పటి చిన్న తేడాయే కదా అని నచ్చజెప్పబోతారు. లెక్క చూడు. అతను 100తో, నువ్వు 90తో మొదలయ్యారనుకో. ఇద్దరికీ ఏటా 8 శాతమే పెంచినా, పదేళ్లకు అతనికి 216 దాకా వస్తుంది, నీకు 194 వస్తుంది. 10 ఉన్న తేడా 22 అవుతుంది. బోనస్, పదవీ విరమణ నిధి లాంటివి జీతం మీదే కడతారు కాబట్టి వాటిలోనూ అంత మేర నష్టమే.

ఇవాళే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టు. తేదీ, సమయం, ఎవరు అన్నారు, ఎదురుగా ఎవరున్నారు, అన్న మాట అన్నది అన్నట్టుగా. "నన్ను చిన్నచూపు చూశారు" అని రాస్తే ఎవరికీ ఉపయోగపడదు. "పెళ్లయింది కదా, ఇక నీకు ప్రమోషన్ ఎందుకు అన్నారు" అని రాస్తే అది సాక్ష్యంగా నిలుస్తుంది. ఆ పుస్తకం ఇంట్లో ఉంచు, ఆఫీసు కంప్యూటర్‌లో వద్దు. నీ పే స్లిప్పులు, నీ అప్రైజల్ కాపీలు, నీకు వచ్చిన మెసేజ్‌లు దాచుకో. కంపెనీ రహస్య ఫైళ్లు, వేరేవాళ్ల రికార్డులు మాత్రం ముట్టుకోకు. అసలు విషయం పక్కకు పోయి నీ మీదే చార్జిషీటు తయారవుతుంది.

ఇక గడువు. అమెరికాలో లిల్లీ లెడ్‌బెటర్ అని ఒకావిడ గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. 1979లో చేరింది. 1998లో పేరు లేని చీటీ ఒకటి అందితే గానీ, అదే పని చేసే మగవాళ్లకు ఎంత ఇస్తున్నారో ఆవిడకు తెలియలేదు. ఆవిడకు నెలకు 3,727 డాలర్లు, మగవాళ్లలో అందరికంటే తక్కువ అందుకునే అతనికి 4,286. జ్యూరీ ఆవిడ పక్షానే తీర్పు చెప్పింది. కానీ 2007లో సుప్రీంకోర్టు, జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయలేదు కాబట్టి చెల్లదంది. ఆవిడ పోరాటంతో 2009లో చట్టం మార్చారు, ప్రతి జీతంతోనూ గడువు మళ్లీ మొదలవుతుందన్నారు. ఆవిడకు మాత్రం ఆ కేసులో ఒక్క డాలరు రాలేదు. చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది నాకు.

గడువులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఉదాహరణకు, భారతదేశంలో పనిచోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం కింద కమిటీకి ఫిర్యాదు ఇవ్వడానికి మూడు నెలలే. నీకు వర్తించే గడువు ఎంతో ఈ వారంలోనే కార్మిక శాఖలోనో, యూనియన్‌లోనో, లాయర్ దగ్గరో అడిగి రాసి పెట్టుకో. కంపెనీ లోపల విచారణ నడుస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకు. చాలా చోట్ల దాని కోసం గడువు ఆగదు.

ఇవన్నీ అయ్యాక హెచ్‌ఆర్‌కు ఉత్తరం రాయి. ఒక పేజీ మించకూడదు. తిట్టు, నిందారోపణ ఏదీ వద్దు. ఇలా రాయి: "ఫలానా తేదీ నుంచి నేను చేస్తున్న పనులు ఇవి. ఇదే విలువ గల పని చేసే ఉద్యోగికి, నాకు మధ్య జీతంలోనూ గ్రేడులోనూ తేడా ఉన్నట్టు తెలిసింది. దీనికి కారణం రాతపూర్వకంగా తెలపమని, తేడాను సరిచేయమని కోరుతున్నాను." జవాబుకు ఒక తేదీ పెట్టు. మాట్లాడదాం రమ్మంటే వెళ్లు, కుదిరితే తోడుగా ఒకరిని తీసుకెళ్లు. బయటికి రాగానే, లోపల అనుకున్న విషయాలు ఇవీ అని అదే రోజు వాళ్లకు మెయిల్ పెట్టు. నోటిమాటను వాళ్లు రేపు కాదనొచ్చు, మెయిల్‌ను కాదనలేరు.

ఉత్తరం ఇచ్చాక షిఫ్టు మార్చడం, అప్రైజల్‌లో మార్కులు తగ్గించడం, మీటింగులకు పిలవకపోవడం మొదలైతే వాటినీ తేదీలతో నోట్‌బుక్‌లోకి ఎక్కించు. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం చాలా దేశాల్లో వేరే నేరమో, వేరే కేసో అవుతుంది. ఒక్కోసారి అసలు ఫిర్యాదు కంటే దాన్నే సులువుగా నిరూపించవచ్చు.

నీకు జీతం సంగతి చెప్పిన ఆ స్నేహితుడి పేరు ఉత్తరంలో పెట్టకు, అతన్ని ఇరికించొద్దు. డ్రాఫ్టు రాసి ముందు నాకు పంపు, గ్రేడు పేరా నేను చూస్తాను. ఆఫీసులో యూనియన్ ఉందో లేదో కూడా కనుక్కుని రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ