పూత కాలంలో తేడాకు కారణమైన జన్యువును ఎలా పట్టుకుంటారు?

ఒకే జాతిలో ఒక రకం త్వరగా, మరో రకం నెలల తర్వాత పూస్తే, ముందు ఆ రెండింటినీ సంకరం చేస్తారు. మొదటి తరం మొక్కలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, వాటితో తేలేదేమీ లేదు. రెండో తరంలో తల్లిదండ్రుల క్రోమోజోము ముక్కలు ఒక్కో మొక్కకు ఒక్కో తీరున పంపకమవుతాయి. ప్రతి మొక్కా ఎన్ని రోజులకు పూసిందో రాసుకుని, డీఎన్‌ఏ గుర్తుల్లో (రెండు రకాల మధ్య డీఎన్‌ఏ తేడాగా కనిపించే చోట్లలో) ఏది ఎవరి నుంచి వచ్చిందో చూస్తారు. ఒక గుర్తు దగ్గర ఆలస్యపు రకం డీఎన్‌ఏ ఉన్న మొక్కలు సగటున ఆలస్యంగా పూస్తుంటే, కారణం ఆ చుట్టుపక్కలే ఉందన్నమాట. ఆ భాగాన్నే క్యూటీఎల్ అంటారు.

చిక్కంతా ఆ ‘చుట్టుపక్కల’ దగ్గరే. అక్కడ వందల జన్యువులు ఉండవచ్చు. హద్దు కుదించాలంటే ఆ భాగంలోనే క్రోమోజోము తెగి అతుక్కున్న మొక్కలు కావాలి. అవి అరుదు కాబట్టి వేల మొక్కలు పెంచక తప్పదు. పగటి నిడివి, ఉష్ణోగ్రత అన్నింటికీ ఒకేలా లేకపోతే ఈ శ్రమంతా వృథా.

వరిలో నిప్పన్‌బరే, కసలత్ రకాల సంకరం నుంచి హెచ్‌డీ1 జన్యువును 2000లో ఇలాగే వేరుచేశారు. ప్రయోగాలకు ఎక్కువగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో త్వరగా పూసే రకాలు చాలావాటిలో ఫ్రిజిడా జన్యువు చెడిపోయి ఉంటుంది. చెడిపోనప్పుడు, పూతను అడ్డుకునే ఎఫ్‌ఎల్‌సీ అనే జన్యువును ఎగదోసేది అదే.

అన్ని మొక్కలూ ఇంత సులువుగా లొంగవు. మొక్కజొన్నలో సంకరం నుంచి తీసిన దాదాపు 5,000 స్థిర వంశాలపై 2009లో వెలువడిన అధ్యయనంలో ఒక్క పెద్ద జన్యువూ తేలలేదు. పదుల సంఖ్యలో చిన్న చిన్న ప్రభావాలే కలిసి ఆ తేడా తెస్తున్నాయి.