పాపకు ‘ఇల’ అని పెట్టాలనుకున్నాం, అత్తయ్య ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: మాకు పాప పుట్టి పదహారు రోజులైంది. కృత్తిక రెండో పాదం. ‘ఇ’ అక్షరం వచ్చిందని నేనూ మావారూ ‘ఇల’ అనుకున్నాం. అత్తయ్య మాత్రం మావారి నాయనమ్మ పేరు మహాలక్ష్మి అనే పెట్టాలంటున్నారు. ‘ముద్దుపేరులా ఉంది’ అని ఆడపడుచు తీసిపారేసింది. ఆ పేరుకు పురాణంలో మంచి కథ లేదని ఒక చుట్టం అన్నారు. ఎవరినడిగినా ఒక్కో మాట. మావారేమో ‘మీరిద్దరూ తేల్చుకోండి’ అంటారు. 21వ రోజు బారసాల. పుట్టింట్లోనే ఉన్నా, రాత్రిళ్లు ఏడుపొస్తోంది.
– ఓ తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ఇల చాలా చక్కని పేరు. రెండే అక్షరాలు, నిండైన పేరు. భాగవతం నవమ స్కంధంలో వైవస్వత మనువు సంతానం కోసం యజ్ఞం చేయిస్తుంటే, ఆయన భార్య శ్రద్ధ హోత దగ్గరకు వెళ్లి తనకు ఆడపిల్ల కావాలని వేడుకుంటుంది. అలా పుట్టిన బిడ్డే ఇల. తర్వాత ఆమె మగవాడిగా మారడం, మళ్లీ స్త్రీ కావడం కథలో ఉంది. మీ చుట్టం చెప్పింది ఆ భాగం గురించే అయ్యుంటుంది. పురూరవుణ్ణి కన్నది, చంద్రవంశానికి మూలమైంది ఆ ఇలే. అమ్మ కోరి కన్న కూతురి పేరది, ఏ లోటూ లేదు.

ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. ఇంగ్లిషులో రాస్తే మొదటి పెద్ద ‘ఐ’, పక్కనున్న చిన్న ‘ఎల్’ చాలా ఫోన్లలో రెండు నిలువు గీతల్లా ఒకేలా కనిపిస్తాయి. దరఖాస్తుల్లో అన్నీ పెద్దక్షరాల్లోనే రాయండి.

ఇక ఈ రోజు నుంచి పేరు గురించి ఎవరినీ అడగకండి. అడిగితే చెప్పడం వాళ్లకు సరదా, మోయడం మీకు బరువు.

అత్తయ్యగారి సంగతి వేరు. కాలం చేసిన తన అత్తగారిని ఇంట్లో ఎవరూ తలుచుకోరేమోనని ఆమె బెంగ అయ్యుండొచ్చు. ఆ మాట ఆమెతో మాట్లాడాల్సింది మీరు కాదు, మీవారు. ‘మీరిద్దరూ తేల్చుకోండి’ అని పక్కకు తప్పుకుంటే పచ్చి బాలింత ఒక్కతే నిష్ఠూరం మోయాలి, అది న్యాయం కాదు. ‘అమ్మా, పేరు మేమిద్దరం కలిసి అనుకున్నాం. నాయనమ్మ పేరు బియ్యంలో ముందు రాస్తాం, పాప చెవిలో నువ్వే చెప్పాలి’ అని ఆయన ఫోన్ చేసి అడగాలి. పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో రాసేటప్పుడు రెండు మూడు పేర్లు రాయడం మనకు కొత్తేమీ కాదు. ఆమె మహాలక్ష్మీ అని పిలుచుకుంటానంటే పిలుచుకోనివ్వండి, పాప రెండు పేర్లకూ పలుకుతుంది.

కాగితాల్లో మాత్రం ఇల ఒక్కటే ఉంచమంటాను. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే తర్వాత తిరగాల్సింది మీరే. ఇంకో మాట, 21 రోజుల గడువు పుట్టుక నమోదుకే గానీ పేరుకు కాదు. పేరును ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. కాబట్టి బారసాలనాటికి అందరూ సర్దుకోకపోయినా కొంపేం మునగదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ ఏడుపు. కాన్పయిన మొదటి రెండు వారాలు కారణం లేకుండా కన్నీళ్లు రావడం మామూలే. మీకు ఆ గడువు దాటింది. పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, ఆకలి చచ్చిపోతే, పాపను ఎత్తుకోవాలనే అనిపించకపోతే అది పేరు గొడవతో వచ్చింది కాకపోవచ్చు. మీకు కాన్పు చేసిన డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ‘టెలి మానస్’ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. దీన్ని మాత్రం బారసాల అయ్యేదాకా వాయిదా వేయకండి.