డొంక పక్కన తోట: గేదెల మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. 2011లో ఐదు సెంట్లు కొని ఇల్లు కట్టుకున్నాం. టీచరుగా ఉద్యోగ విరమణ చేశాక, రెండేళ్ల కిందట, ఇంటి ప్రహరీకి ఉత్తరాన ఎండ బాగా తగిలి బోరు నీళ్లు అందే చోట ముళ్లకంప నాటి కూరగాయల తోట వేశాను. పక్కింటివారి గేదెలు మూడుసార్లు పడి సొరపాదులు, చిక్కుడు, టమాటా అన్నీ తొక్కేశాయి. బిడ్డల్లా పెంచిన మొక్కలు. ముప్పై వేల దాకా నష్టం. అడిగితే ఆ ఇంటావిడ ‘మా గేదెల దారిలోనే కదా వేశావు’ అని ఎగతాళి చేస్తోంది. రెండు నెలల కిందట ఒక గేదెను పట్టి రెండు రోజులు కట్టేశాను. రెండు వేలు ఇచ్చాకే వదిలాను. రాత్రిపూట కంచెకు కరెంటు పెట్టమని మా మేనల్లుడు అంటున్నాడు. మనోవేదనకు కూడా కలిపి పరిహారం కోరవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: దస్తావేజు నకలు జతచేసి మంచి పని చేశారు. ఉత్తరం మాత్రమే చదివి ఉంటే నేనూ పొరబడేవాడిని. హద్దుల దగ్గర ‘ఉత్తరం: డొంక’ అని స్పష్టంగా ఉంది. డొంక అంటే పశువులూ బండ్లూ నడిచే ఊరుమ్మడి దారి, ప్రభుత్వ భూమి. మీ తోట ప్రహరీకి అవతల ఉందని మీరే రాశారు. పక్కింటావిడ ఎగతాళి చేయలేదమ్మా, రేపు కోర్టులో తన వకీలు చెప్పబోయే మాట ముందుగానే చెప్పింది. ఎండ ఎటు పడుతుందో చూసుకున్నారు గానీ హద్దు ఎంతవరకో చూసుకోలేదు.

ప్రహరీ కట్టేటప్పుడు మీ స్థలంలోనే కొంత వదిలి ఉండవచ్చు. అది తేల్చవలసింది కొలతే. ఐదు సెంట్లంటే 242 చదరపు గజాలు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి: విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వస్తే కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తాయి. గజాలు తగ్గాయని డొంకలోకి జరగడానికి వీల్లేదు.

స్థలం డొంకదని తేలితే దావా ఆలోచన మానుకోండి. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ప్రకారం పంట పాడుచేసే పశువును పట్టుకునే హక్కు సాగుదారుకో, భూమి స్వాధీనంలో ఉన్నవారికో ఉంది. డొంక నా స్వాధీనంలో ఉందని మీరు ప్రమాణపత్రం దాఖలు చేస్తే ఆక్రమణను చేజేతులా ఒప్పుకున్నట్లే. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చు, అందులోని పంటను కూడా జప్తు చేయవచ్చు. గేదెలు మిగిల్చినది కూడా పోతుంది. పన్నెండేళ్లు అనుభవిస్తే మనదే అవుతుందని ఊళ్లో ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రభుత్వ భూమి విషయంలో కాలపరిమితి 30 ఏళ్లు. మీవి రెండేళ్లు.

గేదెను కట్టేసిన సంగతి ధైర్యంగా రాశారు, నాకు మాత్రం భయం వేసింది. పట్టుకున్న పశువును 24 గంటల్లో బందెలదొడ్డికి (పట్టుకున్న పశువులను ఉంచే దొడ్డికి) పంపాలి. సొంత గుంజకు కట్టుకుని డబ్బు తీసుకునే హక్కు ఎవరికీ లేదు. అక్రమంగా పట్టుకున్నారని యజమాని మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయడానికి గడువు పది రోజులు, అది దాటిపోయింది. ఆ 1871 చట్టం రాసిన నాడు పెట్టిన పరిహారం నూరు రూపాయలకు మించదు కూడా. కానీ ఆ రెండు వేలను బలవంతపు వసూలుగా చిత్రించి వేరే కేసు పెట్టే దారి వారికి ఇంకా ఉంది. పెద్దమనుషుల ఎదుట తిరిగి ఇచ్చేసి రసీదు రాయించుకోండి.

ఇక కరెంటు తీగ. ఆ మాట ఇంట్లో మళ్లీ వినపడకూడదు. తెల్లవారుజామున డొంక మీద నడిచేది గేదె ఒక్కటే కాదు, పాలు పోయడానికి వెళ్లే మనిషి కూడా. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ల వరకు శిక్ష. ప్రమాదమని తెలిసే పెట్టారని తేలితే 105 కింద పదేళ్ల వరకు కూడా పడవచ్చు. గేదె చచ్చినా 325 కింద ఐదేళ్ల వరకు ఉంది. తీగ బిగించిన మేనల్లుడితో పాటు బిగించమన్న మీరూ ముద్దాయే.

చేయవలసిన పని: మీసేవలో సర్వేకు దరఖాస్తు పెట్టండి. తహసీల్దారు కార్యాలయం నుంచి గ్రామ పటం, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకళ్లు తీసుకోండి. డొంకలోకి వచ్చిన భాగాన్ని నోటీసు రాకముందే మీరే తీసేయండి. తోట మీ స్థలంలోనే ఉందని తేలితే మాత్రం నష్టానికి మూడేళ్లలోపు దావా వేయవచ్చు. అప్పుడు కావలసింది కన్నీళ్లు కాదు: ఏ రోజు, ఎవరి గేదె, ఎన్ని పాదులు, చూసిందెవరు. మూడుసార్లు నష్టపోయి ఒక్క తేదీ రాయలేదు, ఒక్క ఫొటో తీయలేదు. పిల్లలకు పాఠాలు చెప్పిన మీరే ఇలా చేస్తే ఎలా? మనోవేదనకు ఇలాంటి కేసులో పైసా రాదు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, మండల న్యాయ సేవల కమిటీలో అడగండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కోర్టు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

కొత్త తోట ప్రహరీ లోపల వేసుకోండి. ఎండ చాలకపోతే మేడ మీద కుండీల్లో వేయండి. హద్దుకు లోపలే ఇనుప జాలీ కట్టి, దాని వెంట వాక్కాయ మొక్కలు నాటితే నాలుగేళ్లలో గేదె కాదు, మేక కూడా దూరదు. సర్వేయరు వచ్చే రోజున పక్కింటివారినీ పిలిచి, కొలత కాగితం మీద వాళ్ల సంతకం తీసుకోండి.