పాఠకుల ప్రశ్నలు: రంగు వేసే ముందు కారు కింది పూత తీయాలా?

ప్రశ్న: మా కారు కొన్నప్పుడు షోరూంలోనే తుప్పు పట్టకుండా అంటూ అడుగున నల్ల కోటింగ్ వేశారు. అది తలుపుల కింద రన్నింగ్ బోర్డుల మీదకీ, వెనక చక్రాల ముందు భాగానికీ పాకింది. ఇప్పుడు అక్కడక్కడ పెచ్చులు లేచి తుప్పు కనిపిస్తోంది. అక్కడంతా తెల్ల రంగు వేయించాలని ఉంది. పెయింటరు దాని మీదే ఎమరీ కొట్టి రంగు వేసేద్దామంటున్నాడు. వేయించవచ్చా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వేయించకండి. మీ కారు మీద రెండు పూతలు ఉండి ఉంటాయి. ఒకటి పైన షోరూంలో కొట్టిన నల్లది. రెండోది దాని కింద, చక్రాల నుంచి ఎగిరే కంకర దెబ్బ తట్టుకోవడానికి ఫ్యాక్టరీలోనే వేసిన పీవీసీ పొర. నారింజ తొక్కలా గరుకుగా, కారు రంగుతోనే ఉంటుంది. నల్లది పూర్తిగా పోవాలి. ఫ్యాక్టరీది గట్టిగా పట్టి ఉన్నంత మేర ఉండాలి. ఈ తేడా చూడకుండా అంతా గీకేస్తే, దాని కింద ఉన్న సుమారు 20 మైక్రాన్ల ఎలక్ట్రోకోట్ ప్రైమర్ కూడా పోతుంది. బాడీ మొత్తాన్ని తొట్టెలో ముంచి, విద్యుత్తుతో పట్టించి, పొయ్యిలో కాల్చిన పొర అది. ఏ షెడ్డులోనూ దాన్ని తిరిగి తేలేరు.

ముందు పరీక్ష చేయండి. తెల్ల గుడ్డను మినరల్ టర్పెంటైన్‌లో తడిపి, కనిపించని చోట ఒక నిమిషం రుద్దండి. గుడ్డకు ముదురు గోధుమ రంగు అంటి, పూత జిగురుగా మారితే అది తారుతో చేసిన కోటింగ్. రంగులోని థిన్నర్ తగలగానే ఈ తారు కరిగి పైకి ఊరుతుంది. తెల్ల రంగు మీద కొద్ది రోజుల్లోనే పసుపు, గోధుమ మరకలు తేలతాయి, లేదా రంగు ముడతలు పడుతుంది. ఎమరీ కొట్టినా, ప్రైమర్ ఎక్కువ వేసినా ఇది ఆగదు. గుడ్డ తెల్లగానే ఉండి, గోటితో నొక్కితే పూత రబ్బరులా కాస్త లొంగి మళ్లీ లేస్తే అది పీవీసీ.

మీకు కలిసొచ్చే సంగతి ఏమిటంటే, టర్పెంటైన్ తారును కరిగిస్తుంది కానీ పొయ్యిలో కాల్చిన ఫ్యాక్టరీ రంగును, పీవీసీని కరిగించదు. కారును ఎత్తి స్టాండ్ల మీద నిలపండి, జాకీ మీదే వదిలేయొద్దు. బురద కడిగి ఆరనివ్వండి. దళసరిగా ఉన్న నల్ల పూతను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో వచ్చినంత తీయండి. మిగిలినదాని మీద టర్పెంటైన్ తడిపిన గుడ్డ పరచి, పైన పాలిథీన్ కప్పి 10–15 నిమిషాలు ఉంచితే జారుతుంది. గరుకు గుంటల్లో దాక్కున్నదాన్ని నైలాన్ బ్రష్‌తో లాగాలి. గుడ్డలు తరచుగా మార్చండి. ఒకే గుడ్డతో తుడుస్తూ పోతే తారు పోదు, పలచగా పరుచుకుంటుంది. రెండు పక్కలకూ కలిపి రెండు లీటర్ల టర్పెంటైన్ దగ్గర పెట్టుకోండి. పెట్రోలు మాత్రం వాడొద్దు, దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

చివరి తుడుపు తెల్లగా వచ్చేదాకా ఆపొద్దు. ఆ తరువాత గ్రీజు, మైనం తీసే క్లీనర్‌తో రెండు గుడ్డల పద్ధతిలో తుడవాలి: ఒకదానితో తడపాలి, ఆరేలోపే రెండోదానితో ఎత్తేయాలి. ఇది మానేస్తే టర్పెంటైన్ వదిలిన నూనె పొర మీద రంగు నిలవక చిన్న చిన్న గుంటలు పడతాయి. పెయింటర్లు ఫిష్ ఐ అనేది ఇదే.

తుప్పు ఉన్నచోట పీవీసీని కూడా కోయాలి. నీరు దాని అంచుల కిందుగా చాలా దూరం పాకుతుంది, అందుకే మరక కనిపించినంత వరకే ఆగొద్దు. స్క్రేపర్‌ను అంచు కిందికి నెట్టి, ఎక్కడ ఇక కదలదో అక్కడిదాకా తీయండి. తుప్పును 80 నంబరు ఎమరీ పేపరుతో, చుట్టూ అంచును 180తో, ఆపై 320తో మెట్టు తెలియకుండా దిద్దండి. అంతా పొడిగానే. నీళ్లతో రుద్దితే మీ సముద్రపు గాలికి ఇనుము కొన్ని గంటల్లోనే ఎర్రబడుతుంది. అదే రోజు 2కే (హార్డెనర్ కలిపి వాడే రెండు భాగాల) ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, మధ్యలో డబ్బా మీద చెప్పినంత విరామంతో వేయాలి. కలిపిన ప్రైమర్ అర లీటరు ఉంటే రెండు పక్కలకూ సరిపోతుంది. లప్పం పెట్టాల్సి వస్తే ఎపాక్సీ ఆరాక, దాన్ని గరుకు చేసి దాని మీదే పెట్టించండి. నేరుగా ఇనుము మీద పెట్టిన లప్పం తేమను పీల్చి, కింద తుప్పును పెంచుతుంది.

ఇంకొకటి. రన్నింగ్ బోర్డు అడుగున నీరు కారే చిన్న రంధ్రాలు ఉంటాయి. నల్ల కోటింగ్ వాటిని మూసేసి ఉంటే తుప్పు లోపలి నుంచే వస్తోందన్నమాట. మెత్తటి తీగ దూర్చి తెరిపించండి. లోపలి నుంచి తిన్న రేకుకు పైన ఏ రంగు వేసినా నిలవదు, ముక్క కోసి వెల్డింగ్ చేయాల్సిందే.

ప్రశ్న: గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి తీస్తుంటే పూత కరిగి రేకంతా అలుముకుపోతోంది. హీట్ గన్ మేలా? – వరంగల్

జవాబు: రాపిడి వేడికి తారు కరుగుతుంది, కాబట్టి అలుముకోవడం సహజం. పైగా ఆ భాగం రేకు మందం చాలా కార్లలో ఒక మిల్లీమీటరు లోపే. గ్రైండర్ ఒకేచోట ఆగితే రేకు వేడెక్కి అల తిరుగుతుంది.

ఊడిపోతున్న పీవీసీకి హీట్ గన్ బాగా పనిచేస్తుంది. తక్కువ వేడిలో, 10–15 సెంటీమీటర్ల దూరంలో, చేయి ఆపకుండా ఆడిస్తూ మెత్తబడగానే స్క్రేపర్‌తో పట్టీలుగా లాగండి. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టే. కాలే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అది ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, తేమతో కలిసి ఆమ్లమై ఇనుమునూ తినేస్తుంది. ముందే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. చాలా కార్లలో గుమ్మం పట్టీ కింద వైర్ల కట్ట, అడుగున పెట్రోలు, బ్రేకు పైపులు ఉంటాయి. అవి ఎటు పోతున్నాయో చూశాకే వేడి పెట్టండి. టర్పెంటైన్ వాడిన చోట అది పూర్తిగా ఆరి, తడిసిన గుడ్డలు దూరంగా పోయేదాకా హీట్ గన్ ముట్టుకోవద్దు.

మిగిలిన మొండి మచ్చలకు వైర్ బ్రష్ బదులు నార చక్రంలా ఉండే స్ట్రిప్ డిస్క్‌ను తక్కువ వేగంలో వాడండి. కింద జింకు పూత ఉన్న రేకైతే మెరిసేదాకా రుద్దకండి. పోయేది రక్షణగా ఉన్న జింకే.

ప్రశ్న: పెయింట్ రిమూవర్ జెల్‌తో తీయించి రంగు వేయించాం. రెండు నెలలకే అతుకు వెంట బుడగలు. ఎందుకు? – విజయవాడ

జవాబు: జెల్ రేకుల అతుకులోకి దిగి ఉంటుంది. అక్కడ కడగడానికి వీలుండదు, అది నెమ్మదిగా బయటికి వస్తూ రంగును లేపుతుంది. అతుకు మీద ఉండే గట్టి పట్టీ కోటింగ్ కాదు, అతుకులోకి నీరు దిగకుండా పెట్టే సీమ్ సీలర్, దాన్ని తీయకూడదు. ఇప్పుడు ఆ వరస రంగు తీసి, పాడైన సీలర్ కోసి, బాగా కడిగి ఆరనిచ్చి, ఎపాక్సీ ప్రైమర్ మీద పాలీయురేథేన్ సీలర్ కొత్తగా పెట్టించండి. మెథిలీన్ క్లోరైడ్ ఉన్న జెల్ మామూలు రబ్బరు తొడుగుల్లోంచి చర్మానికి చేరుతుంది, మూసిన షెడ్డులో దాని ఆవిరి ప్రాణాలే తీస్తుంది. అమెరికాలో 2019లో ఇలాంటి రిమూవర్లను మామూలు కొనుగోలుదారులకు అమ్మకుండా నిషేధించారు. ఈ పనికి అది అవసరం లేదు.

ప్రశ్న: ఒక పక్క మాత్రమే బాగు చేయించాం. నున్నగా వచ్చింది, రెండో పక్క గరుకుగా ఉంది. కలపగలమా? – హైదరాబాద్

జవాబు: కలపవచ్చు. నున్నగా వదిలేస్తే చూపు సంగతి అటుంచి, కంకర దెబ్బకు రంగు త్వరగా లేస్తుంది. వేసిన రంగును 320తో గరుకు చేసి, పైన రంగు వేయడానికి వీలైన స్టోన్ గార్డ్ (కంకర దెబ్బ తట్టుకునే గరుకు పూత) కొట్టించండి. డబ్బా మీద ఆ మాట లేకపోతే కొనకండి, అందులో తారు ఉండొచ్చు. ఒక లీటరు డబ్బా చాలు.

గరుకు ఎలా వస్తుందనేది గాలి ఒత్తిడి, దూరం మీద ఆధారపడుతుంది. ఒత్తిడి తగ్గితే ముతక చుక్కలు, పెరిగితే సన్నవి. ముందు అట్టముక్క మీద 3 నుంచి 5 బార్ మధ్య మారుస్తూ, 20–30 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టి, రెండో పక్కతో పోల్చాలి. ఫ్యాక్టరీ గరుకు ఎక్కడ ఆగిందో అవతలి పక్క కొలిచి ఇక్కడ టేపు వేయండి. పూత తడిగా ఉండగానే టేపు లాగాలి. ఆరాక లాగితే అంచు చిరిగి మెట్టులా నిలుస్తుంది. ఒక రాత్రి ఆరనిచ్చి, మరుసటి రోజు బేస్ కోట్ (రంగు పొర), దాని మీద క్లియర్ కోట్ (రంగులేని మెరుపు పొర) వేయించండి. మెటాలిక్ రంగైతే గరుకు మీద కాస్త ముదురుగా కనిపించవచ్చు. ఆ తేడా ఫ్యాక్టరీ పక్కన కూడా ఉంటుంది కాబట్టి రంగు మార్చి కలపమనకండి.